సిప్పీఘాట్ అసెంబ్లీ నియోజకవర్గం

ఆంధ్రప్రదేశ్ శాసనసభకు 175 నియోజకవర్గాలని ఎన్నికల సంఘం అంటుంది. పాపం, వాళ్లకెవరూ చెప్పినట్టు లేదు. నూట డెబ్భై ఆరోది ఒకటుంది. విశాఖ రేవు నుంచి సుమారు పన్నెండు వందల కిలోమీటర్లు సముద్రం దాటి వస్తే, దక్షిణ అండమాన్‌లో, సిప్పీఘాట్ అనే ఊళ్లో. ఆంధ్రా ఎన్నికలకు ఇక్కడ పోలింగ్ కేంద్రం లేదు, అభ్యర్థి లేడు, డిపాజిట్ గల్లంతయ్యే భయం అసలే లేదు. ప్రచారం ఒక్కటే ఉంది. అది కోడ్ వచ్చినా ఆగదు, ఫలితాలొచ్చినా ఆగదు.

ఊరి సంగతి కొంత చెప్పాలి. పోర్ట్‌బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో కేంద్రం శ్రీ విజయపురం అని పేరు పెట్టింది గానీ మా నోటికి ఇంకా పాతపేరే వస్తుంది. అక్కడి నుంచి ట్రంక్ రోడ్డు పట్టుకుని గారాచర్మ దాటి వస్తే దారికి రెండు పక్కలా నీళ్లు కనబడతాయి. టూరిస్టులు చెరువనుకుని సెల్ఫీలు దిగుతారు. 2004 డిసెంబరు 26 దాకా అవి వరిమళ్లు. ఆ పొద్దుటి భూకంపానికి ఈ వైపు నేల మీటరు దాకా కుంగింది. సునామీతో వచ్చిన సముద్రం మళ్లీ పోలేదు, పోటుకీ పాటుకీ వచ్చిపోతూ ఇక్కడే కాపురం పెట్టింది. ఇప్పుడు అండమాన్ టీల్ అనే బాతు కోసం మోచేతంత లెన్సులు మోసుకుని పక్షిప్రేమికులు వస్తుంటారు. నేల పోయినవాళ్ల ఫొటో తీద్దామని ఎవరూ రారు. బాతు అందంగా ఉంటుంది, ఒప్పుకుంటాను.

ఆ మడుగుకు అవతలి గట్టున మా బావ ఇల్లు. ఇవతల మా చిన్నాన్న ఇల్లు. బావది పసుపు, చిన్నాన్నది నీలం. ఒకరు కేకేస్తే ఇంకొకరికి వినబడే దూరం.

ఆ దూరాన్ని ప్రభుత్వం 1,224 కోట్లు పోసి పెంచింది. చెన్నై నుంచి అండమాన్ నికోబార్‌కు సముద్రం అడుగున వేసిన కేబుల్ సంగతే అంటున్నాను. 2018 డిసెంబరు 30న శంకుస్థాపన, 2020 ఆగస్టు 10న ప్రారంభం, దాదాపు 2,300 కిలోమీటర్ల పొడవు. పోర్ట్‌బ్లెయిర్‌తో మొదలై హట్‌బే, కార్ నికోబార్ మీదుగా చిట్టచివరి క్యాంప్‌బెల్ బే దాకా. చెన్నైకీ పోర్ట్‌బ్లెయిర్‌కీ మధ్య సెకనుకు 400 గిగాబిట్లు. ఆన్‌లైన్ చదువులు, దూరవైద్యం, బ్యాంకింగ్, టూరిజం అన్నారు ఆరోజు. వాటి లెక్కలు తెలిసినవాళ్లు చెబుతారు. నాకు కళ్లెదుట కనబడే వాడకం ఇది: బావ వరండాలో కూర్చుని జగన్‌ను ఏకేసే వీడియో ఒకటి గ్రూపులో వదులుతాడు. అది సముద్రంలో దిగి, చెన్నైలో తేలి, ఏ దేశపు సర్వర్లోనో తిరిగి, మళ్లీ సముద్రంలో మునిగి వచ్చి చిన్నాన్న ఫోన్లో మోగుతుంది. చిన్నాన్న కళ్లజోడు పెట్టుకుని, చంద్రబాబు పాత ప్రసంగం ముక్కొకటి వెతికి, అదే దారిన తిరుగుటపాలో పంపుతాడు. మామా అల్లుళ్ల మధ్య మడుగులో బాతులు నిద్రపోతుంటాయి.

కేబుల్ రాకముందు ఉపగ్రహం దయ. ఒక ఫొటో తెరుచుకునేలోపు టీ కాచుకుని తాగొచ్చు. సినిమాలు, పాటలు, ప్రసంగాలు పెన్‌డ్రైవ్‌లో, విశాఖ నుంచి ఓడలో వచ్చేవి. రాజకీయం అప్పుడూ ఉండేది. కాకపోతే టీకొట్టు దగ్గర ఎదురెదురుగా కూర్చుని తిట్టుకోవాలి కనక, ఎదుటివాడి మొహం కనబడేది. టీ అయిపోయాక డబ్బులెవరిస్తారన్న దాని మీద రెండో గొడవ జరిగి, మొదటిది మరిచిపోయేవాళ్లు.

మేమెవరం, ఇక్కడికెలా వచ్చాం అన్నది పెద్ద కథేం కాదు. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో ఉన్నది మూడు లక్షల ఎనభై వేల మంది. అందులో నూటికి పదమూడు మంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి తాపీపనికో కూలికో చేపలవేటకో ఓడెక్కినవాళ్లే ఎక్కువ. జంగ్లీఘాట్‌కు పోతే వలల దగ్గర వినబడేది మన యాసే. అంతకుముందు గొలుసులతో వచ్చినవాళ్లూ ఉన్నారు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర ఇక్కడ శిక్ష అనుభవించి వెళ్లి, 1952లో విశాఖ నుంచి లోక్‌సభకు గెలిచాడు. అండమాన్ నుంచి ఆంధ్రా రాజకీయంలోకి పోవాలంటే ఆ రోజుల్లో కాలాపానీ శిక్ష పూర్తిచేయాల్సి వచ్చేది. ఇప్పుడు డేటా ప్యాకు చాలు.

మా బావ ఆ ప్యాకును ఒక్క ఎంబీ కూడా మురగనివ్వడు. 2024 ఎన్నికల మెజారిటీలు అడగండి, నిద్రలో లేపి అడగండి. మంగళగిరి 91,413. పిఠాపురం 70,279. కుప్పం 48,006. చిన్నాన్న తక్కువ తినలేదు. "పులివెందుల 61,687, అది కూడా రాసుకో అల్లుడూ" అంటాడు. సరే, ఇద్దరూ ఒకచోట దొరికారు గదా అని నేనొక చిన్న ప్రశ్న వేశాను: మన జిల్లా పరిషత్ సభ్యుడెవరు? బావ చిన్నాన్న వైపు చూశాడు. చిన్నాన్న మడుగు వైపు చూశాడు. తర్వాత ఇద్దరూ, చాలాకాలానికి ఏకాభిప్రాయానికి వచ్చి, ఫోన్లో ఏఐని అడిగారు. అదీ నీళ్లు నమిలింది. "మనకెందుకెహే ఇక్కడి గోల" అని బావ తేల్చేశాడు.

ఇక్కడి గోల అంటే ఏమిటో చూద్దాం. ఈ దీవులకు అసెంబ్లీ లేదు. ఎమ్మెల్యే లేడు, ముఖ్యమంత్రి లేడు. ఢిల్లీ పంపిన లెఫ్టినెంట్ గవర్నరు, ఆయన కింద అధికారులు, ఇన్ని దీవులకూ కలిపి ఒకే ఒక్క ఎంపీ. సొంతానికి ఎమ్మెల్యేను ఎన్నుకునే హక్కు లేని మనిషి నూట డెబ్భై అయిదుగురు పరాయి ఎమ్మెల్యేల జాతకాలు చెబుతున్నాడంటే, అది ప్రజాస్వామ్యం మీద మోజని కొందరు పెద్దలు మెచ్చుకుంటారు. ఇల్లు లేనివాడు ఊళ్లోవాళ్ల ఇళ్లకు వాస్తు చెప్పడం కూడా ఆ లెక్కన గృహస్థధర్మమే.

2024 జూన్ 4 సంగతి చెప్పి తీరాలి. ఆంధ్రా ఫలితాలూ మా లోక్‌సభ స్థానం ఫలితమూ వచ్చింది ఒకేరోజు. మేం ఏప్రిల్ 19నే వేలికి సిరా పూయించుకున్నాం. మా ఎంపీ ఎవరో తేలే రోజు. సిప్పీఘాట్‌లో ఆ పొద్దున్నించీ తెలుగు టీవీలన్నీ ఆంధ్రా లెక్కింపు మీదే. కూటమికి 164 అనేసరికి బావ బాణసంచా కాల్చాడు. 'వై నాట్ 175' అని ఏడాదిగా డీపీ పెట్టుకున్న చిన్నాన్న గ్రూపులోంచి 'లెఫ్ట్' అయ్యాడు. 151లో నడుమ అయిదు ఎగిరి 11 మిగిలిందన్న జోకు ఆ సాయంత్రం అదే గ్రూపులో ఎంతమంది ఎన్నిసార్లు పంపారో, ప్రతివాడూ తానే కనిపెట్టినట్టు పంపాడు. రాత్రికి చిన్నాన్న పిన్ని నంబరు మీద తిరిగొచ్చి ఈవీఎంల మీద విరుచుకుపడ్డాడు. మా దీవుల నుంచి బిష్ణు పద రే గెలిచిన సంగతి బావకు మర్నాడు చేపల దగ్గర తెలిసింది. అదీ ఒక బెంగాలీ చెబితే.

2025 ఆగస్టులో పులివెందుల జడ్పీటీసీ ఉపఎన్నిక జరిగింది. ఒక్క మండలం. అక్కడ ఓటున్నవాళ్లు కూడా అంత వేడెక్కి ఉండరు. ఇక్కడ మాత్రం రెండురోజులు అన్నాలు సహించలేదు.

ఇంత కష్టానికి పక్కవాయిద్యం యూట్యూబు. రోజూ పొద్దున జగన్‌కు షాక్, మధ్యాహ్నం బాబుకు షాక్, రాత్రికి ఇద్దరికీ ఢిల్లీ షాక్. మా దీవుల్లో కరెంటు చాలావరకు డీజిల్ కాల్చి పుట్టిస్తారు, కోతలు మామూలే. షాకులకు మాత్రం ఎన్నడూ అంతరాయం లేదు. ఆ థంబ్‌నెయిల్ మీద నోరు తెరుచుకున్న మొహం, ఎర్ర బాణం, మూడు ఆశ్చర్యార్థకాలు. వీడియో అంతా చూస్తే తేలేది ఏమిటంటే ఫలానా నాయకుడు ఫలానా పెళ్లికి వెళ్లలేదని.

నిజం చెప్పాలంటే ఆంధ్రావాళ్లు మమ్మల్ని ఒకసారి పట్టించుకున్నారు. 2022 మార్చిలో పోర్ట్‌బ్లెయిర్ మునిసిపల్ కౌన్సిల్ ఎన్నికల్లో 24 వార్డులకు తెలుగుదేశం రెండు గెలిచింది. 2023 మార్చిలో ఆ పార్టీకే చెందిన ఎస్. సెల్వి, బీజేపీ మద్దతుతో చైర్‌పర్సన్ అయ్యారు. అప్పటి బీజేపీ జాతీయ అధ్యక్షుడు నడ్డా రెండు పార్టీల కూటమిని అభినందిస్తూ ట్వీట్ చేశారు. అప్పటికి ఆంధ్రాలో ఆ రెండు పార్టీలకూ పొత్తు లేదు. ఇంకేముంది, ఆ ఒక్క ట్వీటును బెజవాడ స్టూడియోల్లో భూతద్దం పెట్టి చదివారు. పొత్తు ఖాయమా, సంకేతమా, వ్యూహమా, షాకా? పోర్ట్‌బ్లెయిర్ పేరు పలికిన ప్రతి నోరూ అమరావతి గురించే మాట్లాడింది. ఎండాకాలంలో మాకు కుళాయి నీళ్లు వంతులవారీగా, ఎన్నిరోజులకోసారి వస్తాయో ఒక్క యాంకరూ అడగలేదు. మా బావా అడగలేదు. ఆ రోజు ఆయనింట్లో డ్రమ్ములు ఖాళీ. అయినా గర్వంతో ఛాతీ ఉప్పొంగి, "సూశావేటి, సెంటర్ మనకాడే మొదలెట్టింది" అన్నాడు.

ఇక రిజర్వేషన్లు. ఆంధ్రాలో కాపులకు ఇవ్వాలా వద్దా, ఇస్తే ఎందులోంచి అన్నదాని మీద మా గ్రూపులో రాజ్యాంగ ధర్మాసనమే ఉంది. ఈ దీవుల ఓబీసీ జాబితాలో ఉన్నవి అయిదు వర్గాలు: భాంటులు, కరెన్‌లు, మాప్పిళ్లలు, బెంగాలీ సెటిలర్లు, 1942కు ముందు నుంచీ ఉన్న 'ప్రీ-42' స్థానికులు. తెలుగువాళ్లు అందులో లేరు. ఆ జాబితా గురించి మా గ్రూపులో నేను చూసింది ఒకేఒక్క పోస్టు. దానికి వచ్చింది ఒక బొటనవేలు. అది కూడా పెట్టినవాడిదే.

గ్రేట్ నికోబార్‌లో డెబ్భై రెండు వేల కోట్లతో రేవు, విమానాశ్రయం, నగరం కడతామన్న ప్రాజెక్టుకు 2022 నవంబరులోనే పర్యావరణ అనుమతి వచ్చింది. కొట్టబోయే చెట్లు దాదాపు తొమ్మిదిన్నర లక్షలని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. వద్దనడానికీ కావాలనడానికీ మనుషులు కావాలి గదా. మావాళ్లు మాత్రం విశాఖలో రుషికొండ మీద కట్టిన భవనంలో స్నానాలగది ధర గురించి తలలు బద్దలుకొట్టుకుంటున్నారు.

సోషల్ మీడియా వచ్చాక సామాన్యుడికి గొంతొచ్చిందని సభల్లో చెబుతుంటారు. వచ్చింది, కాదనను. ఆ గొంతు ఎటు తిరుగుతుందో చూడండి. 2020 ఏప్రిల్‌లో, కరోనా రోగితో ఫోన్లో మాట్లాడినందుకు కుటుంబాలను క్వారంటైన్‌లో ఎందుకు పెడుతున్నారో ఎవరైనా చెబుతారా అని జుబైర్ అహ్మద్ అనే జర్నలిస్టు ఇదే పోర్ట్‌బ్లెయిర్‌లో ట్వీట్ చేశాడు. అరెస్టు చేశారు. తర్వాత కలకత్తా హైకోర్టు ఆ కేసు కొట్టేసింది. కొట్టేసేలోపు నేర్చుకోవాల్సినవాళ్లు పాఠం నేర్చుకున్నారు. స్థానిక అధికారిని ఒక్కమాటంటే పోలీసు స్కూటరు మీద పది నిమిషాల్లో వస్తాడు. మంగళగిరినీ తాడేపల్లినీ ఎంత తిట్టినా వాళ్లు ఓడెక్కి రావాలి, రెండున్నర రోజులు వాంతులు చేసుకుంటూ. అంత తీరిక ఎవరికుంది? మా గ్రూపు శౌర్యానికి బంగాళాఖాతమే కందకం.

ఆంధ్రాలో ఉండి మాట్లాడేవాళ్లకు ఆ సుఖమూ లేదు. 2020లో విశాఖ గ్యాస్ లీకు మీద ఫేస్‌బుక్ పోస్టు పెట్టిందని గుంటూరులో అరవై దాటిన ఒకావిడకు సీఐడీ నోటీసులిచ్చింది నీలం ప్రభుత్వంలో. 2024 నవంబరులో ప్రతిపక్ష సోషల్ మీడియా కార్యకర్తలను వరసబెట్టి అరెస్టు చేసింది పసుపు ప్రభుత్వంలో. మొదటిది చిన్నాన్నకు చట్టం, బావకు దమనకాండ. రెండోది బావకు చట్టం, చిన్నాన్నకు దమనకాండ. పదాలు అవే, ఇళ్లు మారాయి. మళ్లీ మారతాయి.

మొన్న వానాకాలంలో పోటు నీరు రోడ్డు పక్క కాలువలోంచి తన్ని చిన్నాన్న పెరట్లోకి, అటు బావ కొబ్బరిచెట్ల మొదళ్లలోకి వచ్చింది. చిన్నాన్న కోళ్లగూడు తేలింది. కాలువకు తలుపు పెట్టించమని ఒక అర్జీ రాశాను. పట్టుమని పది సంతకాలుంటే పంచాయతీ ప్రధాన్ దగ్గరకు పోవచ్చు. అర్జీని ఫొటో తీసి గ్రూపులో పెట్టి, ఆదివారం పొద్దున అందరూ రమ్మన్నాను. అయిదు నిమిషాల్లో అది మాయమైంది. గ్రూపు అడ్మిన్ మా బావే. ఫోన్ చేసి ఎందుకు తీసేశావు బావా అన్నాను.

"నువ్వు బాగా సదువుకున్నోడివి, నీకు నేను సెప్పాలేటి? ఇది మన తెలుగోళ్లందరి గ్రూపు. ఇందులో రాజకీయాలెట్టకూడదు, రూల్సులో రాశాం."

చిన్నాన్న కూడా లైన్లో ఉన్నట్టున్నాడు. ఆయన గొంతూ వినబడింది. "అల్లుడు సెప్పింది నిజమేరా."