వెండి పూత వీరులు

బతికుండగానే రోము నాణెం మీద తన తలకాయ కొట్టించుకున్న మొదటి రోమన్ జూలియస్ సీజర్. క్రీ.పూ. 44లో. అప్పటిదాకా ఆ చోటు దేవతలది, పోయిన పెద్దలది. ఏలినవారికి తొందరెక్కువ. ఆ మార్చిలోనే తానూ పోయిన పెద్దల్లో చేరారు.

ఆయన్ని పొడిచినవాళ్లలో ఒకడైన బ్రూటస్‌కు ఒక్కడి పెత్తనం గిట్టదట. అందుకని వెండి డెనారియస్ మీద రెండు బాకులు, మధ్యన బానిసత్వం వదిలినవాడు పెట్టుకునే టోపీ, కింద హత్య చేసిన తేదీ వేయించాడు. తిప్పి చూడండి. అటువైపు తల ఎవరిదనుకున్నారు? సాక్షాత్తూ బ్రూటస్‌దే!

ఇక తర్వాతి చక్రవర్తుల సంగతి చెప్పాలా? తమ్ముడు గేటాతో కలిసి ఏలిన రోజుల్లో కారకల్లా కాలపు నాణెం మీద ‘సామరస్యం’ దేవత వెలిసింది. క్రీ.శ. 211లో ఆ తమ్ముణ్ణి తల్లి ఒళ్లోనే చంపించాడు. 215లో కిరణాల కిరీటం పెట్టుకుని కొత్త నాణెం దించాడు: విలువ రెండు డెనారియస్‌లు, వెండి మాత్రం ఒకటిన్నరదే. మిగతా సగం కిరీటంలో చూసుకోవాలి కాబోలు.

వలేరియన్ ‘తూర్పును ఉద్ధరించినవాడి’నని రాయించుకున్నాడు. 260లో ఆ తూర్పునే పారశీక రాజు షాపూర్‌కు బందీ అయ్యాడు. కొడుకు గల్లియెనస్ ‘సైనికుల విశ్వాసం’ అని అచ్చేయించాడు. 268లో సొంత సేనాధికారులే ఆ విశ్వాసాన్ని కత్తితో చూపించారు. అప్పటికి నాణెంలో వెండి నూటికి అయిదు పాళ్లయినా లేదు. పైన పూత. నాలుగు చేతులు మారేసరికి ప్రభువు బుగ్గన రాగి తేలేది. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే.

లోహం తగ్గేకొద్దీ ప్రశస్తి పెరిగింది. కొలిమిలో వెండి లేనప్పుడు అచ్చుదిమ్మె మీద దేవతలకేం కరువు?

మనవాళ్లు మాత్రం తెలివైనవాళ్లు. భారతదేశానికి ఏటా 5 కోట్ల సెస్టర్సుల రోము సొమ్ము తరలిపోతోందని రోమన్ రచయిత ప్లినీ గుండెలు బాదుకున్నాడు. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో బయటపడ్డవి అగస్టస్, టైబీరియస్‌ల డెనారియస్‌లు, అంటే మంచి వెండివి. 64లో నీరో చక్రవర్తి బరువూ వెండీ కోసేశాక కొట్టిన డెనారియస్‌లు మన నేలలో దొరకడమే అరుదు. ఇక్కడి వర్తకుడికి లాటిన్ రాదు, త్రాసు పట్టడం వచ్చు.

దక్షిణాదిన దొరికిన రోము నాణేల్లో ఎన్నిటికో ఏలినవారి మొహానికి అడ్డంగా ఉలి గాటు ఉంటుంది. ప్రశస్తి చదివి మురిసిపోయినవాడు పెట్టే గాటు కాదది.