షాఫ్ట్ దింపడానికి అరగంట ఇప్పించండి

రోడ్డు మీద ఆగిపోయిన బండ్లను ఈడ్పించే అధికారి గారి దివ్యసముఖానికి,

ఒక లారీ ఓనరు కమ్ డ్రైవరు విన్నవించుకునేది.

విషయం: టోయింగుకు ముందు జాయింట్ షాఫ్ట్ దింపుకొనుటకు అనుమతి కోరుట గురించి.

అయ్యా,

తమరు విజిల్ ఊదగానే క్రేను వస్తుంది. లారీ ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. ‘న్యూట్రల్ చెయ్, పోనీ’ అంటారు. ఈ వేగం చూస్తే సర్కారు పనులు ఆలస్యమవుతాయన్న మాట ఎవరు పుట్టించారో అనిపిస్తుంది. మా మనవి అంతా ఆ ‘న్యూట్రల్’ దగ్గరే.

న్యూట్రల్ చేస్తే ఇంజిను పక్క సంబంధం తెగుతుంది, నిజమే. వెనక పక్క తెగదు. వెనక చక్రాలు రోడ్డు మీద దొర్లితే వెనక ఇరుసు హౌసింగులో క్రౌను చక్రం తిరుగుతుంది, క్రౌను పినియన్‌ను తిప్పుతుంది, పినియన్ జాయింట్ షాఫ్ట్‌ను తిప్పుతుంది, షాఫ్ట్ పోయి గేర్ బాక్సులో మెయిన్ షాఫ్ట్‌ను తిప్పుతుంది. తిరిగితే తిరిగింది, మీ సొమ్మేం పోయిందంటారా? నూనె సంగతి చూడాలి సార్. గేర్ బాక్సులో నూనె అడుగున ఉంటుంది. ఇంజిను ఆడినంతసేపూ కింది లేషాఫ్ట్ పళ్లు అందులో మునిగి తేలుతూ నూనెను పైకి చిమ్ముతాయి. ఇంజిను ఆగి, గేరు న్యూట్రల్లో ఉంటే లేషాఫ్ట్ కదలదు. పైన మెయిన్ షాఫ్ట్ మాత్రం కదలని గేర్ల మధ్య ఒంటరిగా గిరగిరా తిరుగుతుంది. చెరువు నిండా నీళ్లుండీ మోటారు ఆడక మడి ఎండినట్టు, బాక్సు నిండా నూనె ఉండీ పై బేరింగులకు చుక్క అందదు. వేడెక్కి పట్టేస్తాయి. జాయింట్ షాఫ్ట్ దింపేస్తే ఈ తిప్పుడే ఉండదు. ఆటోమేటిక్ గేర్ల బస్సులకైతే నూనె పంపును ఆడించేదే ఇంజిను, అది ఆగితే ఇక చెప్పేదేముంది.

పోయిన ఎండాకాలం సిమెంటు లోడుతో విజయవాడ పోతుంటే నా బండి క్లచ్ ప్లేటు కాలిపోయింది. మా క్లీనరు పానాలు పట్టుకుని బండి కిందికి దూరుతుంటే క్రేను వెంట వచ్చినాయన ‘ఏం పీకుతున్నార్రా కింద?’ అన్నాడు. షాఫ్ట్ దింపుతున్నాం సార్ అంటే, ‘దింపుకోవడానికి ఇదేమన్నా ఆటోనగరా?’ అన్నాడు. ఈడ్చేశారు. నిజం ఆటోనగర్ చేరాక మేస్త్రి గేర్ బాక్సు విప్పి, మెయిన్ షాఫ్ట్‌ను గుడ్డతో తుడిచి, వెలుతురుకు పెట్టి చూశాడు. బేరింగు కూర్చునే చోట ఇనుము వంకాయ రంగు తిరిగి ఉంది. ‘ఈడ్చుకొచ్చారా?’ అన్నాడు. అప్పటికి నేనింకా నోరు విప్పలేదు. క్లచ్‌తో పోవాల్సిన బిల్లు గేర్ బాక్సు దాకా పాకింది.

చట్టం తమ పక్షమే. మోటారు వాహనాల చట్టం 127వ సెక్షను కింద రోడ్డు మీద వదిలేసిన బండిని తమరు ఈడ్పించవచ్చు, ఖర్చు ఓనరుది. 2017 దాకా నడిచిన 1989 నాటి రోడ్డు నిబంధనల్లో ఈడ్చే బండికీ వెనక బండికీ మధ్య దూరం ఐదు మీటర్లు మించరాదని ఉండేది. వెనక ‘ఆన్ టో’ అని 75 మిల్లీమీటర్లకు తగ్గని అక్షరాలతో రాయాలనీ ఉండేది. అక్షరాల ఎత్తు దాకా ఆలోచించిన పెద్దలకు షాఫ్ట్ గుర్తుకు రాలేదు. బహుశా వారెవరూ బండి కిందికి దూరి ఉండరు.

తమ తొందర మాకు అర్థం కాక కాదు. చీకట్లో ఆగిన లారీని వెనక నుంచి గుద్ది పోయినవాళ్లను మేమూ చూశాం. లేన్‌లో పడుకుని బోల్టులు విప్పుతామని అడగడం లేదు. ముందు మెల్లగా మార్జిన్‌లోకి లాగించండి, ఆ కాస్త దూరానికి గేర్ బాక్సుకేమీ కాదు. అక్కడ మాకు అరగంట ఇవ్వండి.

ఆ అరగంటలో కాలక్షేపం చేస్తామనుకోకండి. ముందు చక్రాలకు దిమ్మలు పెట్టాలి, షాఫ్ట్ ఊడాక గేర్లో వేసి బండిని ఆపుదామంటే ఆగదు. ఫ్లాంజి మీద ఉలితో గాటు పెట్టుకోవాలి, తిరిగి అదే చోట బిగించకపోతే బ్యాలెన్సు తప్పి బండి వణుకుతుంది. తుప్పు పట్టిన నట్లకు డీజిలు పోయాలి. రింగు పానాకు పైపు తొడిగి ఒంటి బరువంతా వేస్తే ‘టప్’మని ఒకటి వదులుతుంది, అప్పుడు మా క్లీనరు మొహం చూడాలి తమరు. చివరి బోల్టు తీసేటప్పుడు షాఫ్ట్‌ను ఇంకొకరు కింద నుంచి పట్టుకోవాలి, లేకపోతే రొమ్ము మీదికి వస్తుంది. కొందరు షాఫ్ట్ జోలికి పోకుండా హబ్బుల దగ్గర ఆక్సిల్ రాడ్లు పీకేస్తారు. అదీ మంచిదే, క్రౌను కూడా తిరగదు. కాకపోతే హబ్బు నోటికి మూత బిగించాలి, మరిస్తే హౌసింగు నూనె రోడ్డు పాలు, రోడ్డు దుమ్ము హౌసింగు పాలు.

ఇంత చెప్పి అడిగేది ఒక్క గడి. తమ రసీదు పుస్తకంలో బండి నంబరు, దూరం, సొమ్ము అని గళ్లున్నాయి కదా, వాటి పక్కన ‘షాఫ్ట్ దింపారా?’ అని ఇంకొకటి గీయించండి. ‘లేదు’ అని రాసి ఈడ్చిన చోట కింద తమ సంతకం ఉండాలి. గేర్ బాక్సు బిల్లు ఏ చిరునామాకు పంపాలో మాకు తెలుస్తుంది.

ఇట్లు,
తమ విధేయుడు,
ఆరు టైర్ల లారీ ఓనరు

తా.క.: దింపిన షాఫ్ట్‌ను రోడ్డు పక్కనే వదిలేయకుండా లారీ తొట్టిలో వేయనివ్వండి. బోల్టులు మాత్రం మా దగ్గరే ఉంటాయి, వాటిని సీజు చేసే సెక్షను కోసం వెతక్కండి.