పథ్యం చెప్పడానికి పట్టా దేనికండీ!

తెలుగునాట ఎదుటివాళ్ల కంచంలోకి తొంగిచూసి సలహా చెప్పడానికి లైసెన్సు అక్కర్లేదు. ఆటో నడపాలంటే కావాలి, మందుల షాపు పెట్టాలంటే కావాలి, పెళ్లి ఊరేగింపులో డీజే పెట్టాలన్నా పోలీసుల పర్మిషన్ కావాలి. షుగరున్న మనిషిని లిఫ్టులో పట్టుకుని "మెంతులు నానబెట్టి తాగు, ఆ మాత్రలు అవతల పారెయ్" అనడానికి మాత్రం నోరుంటే చాలు. రెండంతస్తులు దిగేలోపు వైద్యం పూర్తయిపోతుంది.

అలాంటి చోట, మా కాలనీలో ఒకమ్మాయి డైటీషియన్ అవుతానంది. ఇంటర్ బైపీసీలో చేరిన రోజు నుంచీ అంటోందట. ఇంట్లోవాళ్లు మాత్రం నీట్‌లో ర్యాంకు రాని దిగులుతో ఏదో మాట్లాడుతోందని సర్దుకున్నారు. తీరా డిగ్రీ ఫీజు కట్టాల్సిన రోజు వచ్చేసరికి హాల్లో పంచాయితీ పెట్టారు.

"తిండి సంగతి చెప్పడానికి ఐదేళ్ల చదువా? మా అమ్మ మూడో క్లాసు. ఆవిడ చెప్పట్లేదూ?" అన్నాడు తండ్రి.

"మూడు కాదురా, రెండో క్లాసే," అంది నాయనమ్మ గర్వంగా.

"పోన్లే అన్నయ్యా, పెళ్లయ్యాక వంటకి పనికొస్తుంది," అని మేనత్త తీర్పు చెప్పింది. పెళ్లిచూపుల్లోనూ ఇదే గొడవ. అమ్మాయి న్యూట్రిషన్ చదివిందంటే చాలు, "అయితే వంట బాగా చేస్తుందన్నమాట" అంటారు అబ్బాయి తరఫువాళ్లు. సివిల్ ఇంజినీరు వస్తే గోడకి సున్నం వేయమని ఎవరూ అడగరు కదా!

అసలా పిల్ల నడవాల్సిన దారి చూడండి. డిగ్రీ మూడేళ్లు, ఎమ్మెస్సీ రెండేళ్లు. ఆ తర్వాత ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్. అదీ అయ్యాక 1963లో పుట్టిన ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ వారి పరీక్ష. అది పాసైతే పేరు పక్కన 'ఆర్.డి.' అని రెండక్షరాలు. రిజిస్టర్డ్ డైటీషియన్ అని దానర్థం. చూసినవాళ్లు ఇంటిపేరు వెనక్కి తిప్పి రాసుకుందేమో అనుకుంటారు.

రెండో దారి కూడా ఉంది. పొద్దున్నే పార్కు గేటు దగ్గర బల్ల వేసుకుని కూర్చునే వెల్‌నెస్ కోచ్ గారిది. 'ఫ్రీ బాడీ చెకప్' అని ఫ్లెక్సీ. ఎక్కి నిలబడితే ఒంట్లో కొవ్వెంతో, "మీ వయసు నలభై రెండు, శరీరం వయసు అరవై ఒకటి" అనో చెప్పే మిషను. వాకింగ్‌కొచ్చిన మనిషి అక్కడే కూలబడతాడు. లేచేటప్పటికి చేతిలో షేకు డబ్బా ఉంటుంది, నెల తిరిగేసరికి తనే ఇంకో గేటు దగ్గర బల్ల వేస్తాడు. చదువు, ఇంటర్న్‌షిప్, ప్రాక్టీసు అన్నీ నెలలోనే! మనకి నచ్చేది ఇలాంటి వేగమే.

మరి ఆ ఐదేళ్లూ కాలేజీలో ఏం చేస్తారయ్యా అంటే, ముందు బయోకెమిస్ట్రీ. మనం మింగిన ముద్ద క్రెబ్స్ సైకిల్లో పడి ఎన్ని మెలికలు తిరుగుతుందో బొమ్మలు గీసి బట్టీ పట్టాలి. ఆ పైన తూకాలు. పచ్చి బియ్యం ఎన్ని గ్రాములు, ఉడికాక ఎన్ని, కప్పు అంటే ఎవరింటి కప్పు, చెంచా అంటే ఏ చెంచా. ఏ పదార్థంలో ఏముందో చూసుకోవడానికి 2017లో జాతీయ పోషకాహార సంస్థ వేసిన పట్టికలున్నాయి. 528 ఆహార పదార్థాలు అందులో ఉన్నాయి. 'ఒంటికి వేడి చేస్తుంది' అనే గడి మాత్రం ఎక్కడా లేదు. అందుకే మన జనానికి ఆ పుస్తకం మీద గురి కుదరలేదు.

ఆ సంస్థ ఎక్కడో ఢిల్లీలో లేదు. 1918లో కూనూరులో, బెరిబెరి జబ్బు సంగతి తేల్చడానికి మెక్‌కారిసన్ అనే దొర ఒక్క గదిలో మొదలుపెట్టిన ప్రయోగశాల పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాద్ చేరింది. ఇప్పుడు తార్నాకలో ఉంది. దేశం మొత్తానికి ఏం తినాలో లెక్క కట్టేవాళ్లు మన సిటీ బస్సు పోయే దారిలోనే ఉన్నారు. ఆ బస్సులో కూర్చున్నవాళ్లు ఫోన్లో చూసేది 'పది రోజుల్లో పొట్ట మాయం' వీడియో.

ఈ ఇరవై ఏళ్లలో మన రెండు రాష్ట్రాల్లో తిండి మతాలు ఎన్ని పుట్టాయో లెక్క లేదు. ఒకరు ఉప్పూ నూనే ముట్టొద్దన్నారు. ఒకరు వచ్చి నూనె కప్పులతో తాగమన్నారు. ఇంకొకరు బియ్యం, గోధుమలు విషమనీ కొర్రలూ అండుకొర్రలే అమృతమనీ సెలవిచ్చారు. ఉమ్మడి కుటుంబాలు పోయాయంటారు గానీ, ఒకే ఇంట్లో బాబాయి కొబ్బరినూనె, పిన్ని కొర్రన్నం, తాతయ్య బూడిదగుమ్మడి రసం. మూడు పొయ్యిలు, మూడు మతాలు. ఆదివారం నాటుకోడి పులుసు దగ్గర మాత్రం సర్వమత సమ్మేళనం.

ఇదంతా చూసి ఆ డైటీషియన్ పిల్ల ఏమంటుంది? "అన్నం తినొచ్చండీ. కాస్త తగ్గించి పప్పు, కూర పెంచండి" అంటుంది. కుర్చీలో కూర్చున్న ఆసామీ ముఖం మాడిపోతుంది. ఐదొందలు ఫీజు కట్టింది అన్నం తినొచ్చని చెప్పించుకోవడానికా? పోనీ ఏదైనా ఒకటి పూర్తిగా మానేయమని చెప్పొచ్చు కదా! త్యాగం లేని వైద్యం మనకి వైద్యంలా కనిపించదు. కాశీకి వెళ్లి కాయో పండో వదిలేసి వచ్చిన వంశం మనది.

2024లో ఆ తార్నాక సంస్థే 17 సూత్రాలతో కొత్త ఆహార మార్గదర్శకాలు వేసింది. దాదాపు సగం పళ్లెం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు, దుంపలు ఉండాలట. ఒక అద్భుతం లేదు, ఒక రహస్యం లేదు, కనీసం ఒక శత్రువైనా లేడు. పైగా కండలు పెంచడానికి ప్రోటీన్ పొడులు వాడొద్దని కూడా రాశారు. ఆ పేజీ మన జిమ్ ట్రైనర్ల కంట పడినట్టు లేదు. మామూలు మనిషికి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రోటీన్ చాలని ఆ సంస్థ లెక్క. మన ట్రైనర్ లెక్క గ్రాముల్లో ఉండదు, డబ్బాల్లో ఉంటుంది.

'ఏది మంచిది, ఏది చెడ్డది, ఒక్క ముక్కలో చెప్పు' అని అడిగేవాళ్లకి జొన్నల కథ ఒకటి చెప్పాలి. ఇప్పుడు జొన్నరొట్టె అంటే సకల రోగ నివారిణి. సాయంత్రమైతే హైదరాబాద్ రోడ్ల పక్కన కర్రల పొయ్యి ముందు కార్లు బారులు తీరుతున్నాయి. కానీ ఇదే దక్కను పీఠభూమిలో, జొన్నలు తప్ప మరోటి దొరకని పేదల్లో పెల్లాగ్రా అనే జబ్బు కనిపించేది. చర్మం నల్లగా పొలుసులు కట్టి, విరేచనాలు పట్టుకుని, ముదిరితే మతి కూడా చెడేది. అందులో జొన్నల పాత్ర ఏమిటో 1960ల్లో ఆ పోషకాహార సంస్థ శాస్త్రవేత్త గోపాలన్ బృందం హైదరాబాద్‌లోనే పరిశోధించింది. మరి జొన్న దేవుడా, దెయ్యమా? రెండూ కాదు. పక్కన పప్పుందా, పాలున్నాయా, తినేవాడి జేబులో డబ్బులున్నాయా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఐదేళ్ల చదువు సారమంతా ఆ 'బట్టి ఉంటుంది'లోనే ఉంది. రీల్స్‌లో ఆ మాట వచ్చేలోపే మన బొటనవేలు పైకి తోసేస్తుంది.

ఇక ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్. తెల్లకోటు వేసుకుని వార్డులోకి వెళ్తే పేషెంటు తరఫువాళ్లు అడిగే మొదటి మాట: "మీరేనా ఉప్మాలో ఉప్పు వేయించనిది?" ముక్కు గొట్టం ద్వారా ఎన్ని మిల్లీలీటర్ల ఆహారం ఎన్ని గంటలకోసారి పోవాలో లెక్క కట్టేది ఆ పిల్లే. కాలిన గాయాలతో వచ్చిన వాళ్లకి ఎంత ప్రోటీన్ కావాలో చూసేదీ ఆ పిల్లే. కానీ వార్డు దృష్టిలో ఆమె క్యాంటీన్ సూపర్‌వైజర్.

డయాలిసిస్ పేషెంటు మంచం దగ్గర అసలు యుద్ధం. చూడ్డానికొచ్చిన బావమరిది చేతిలో రెండు కొబ్బరి బొండాలు. కిడ్నీలు పనిచేయని మనిషికి పొటాషియం బయటికి పోదు, కొబ్బరినీళ్లలో అదే దండిగా ఉంటుంది, అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. ఆ మాటే ఆ పిల్ల చెబుతుంది. బావమరిది ఆమెని ఎగాదిగా చూసి, "చలువ చేస్తుందమ్మా, ప్రకృతి ఇచ్చింది," అంటాడు. ఆమె వెనక్కి తిరగ్గానే స్ట్రా గుచ్చుతాడు. ఏ గండమూ జరక్కపోతే "మా బొండాం వల్లే నిలబడ్డాడు". జరిగితే "ఆసుపత్రి వాళ్లు సరిగ్గా చూడలేదు". బొండానికి ఎటు చూసినా మచ్చ లేదు.

వీటన్నిటికన్నా కష్టమైన విద్య ఇంకొకటుంది. దాన్ని 24 గంటల రీకాల్ అంటారు. నిన్నటి నుంచి ఇప్పటిదాకా ఏం తిన్నారో మనిషి నోటితోనే చెప్పించడం. పోలీసు ఇంటరాగేషన్ దీని ముందు దిగదుడుపే.

"నిన్న పొద్దున ఏం తిన్నారండీ?"

"ఏముందమ్మా, రెండిడ్లీ."

"చట్నీ?"

"చట్నీ లేకుండా ఇడ్లీ ఎలా దిగుతుంది? నెయ్యి, కారప్పొడి కూడా. అవి ఇడ్లీలోకే వస్తాయి కదా."

"పదకొండింటికి?"

"ఒట్టి టీ."

"ఒట్టి టీయేనా?"

"ఉస్మానియా బిస్కెట్లు నాలుగు. అవి తిండి కిందికి రావు."

"రాత్రి?"

"రాత్రి అన్నం పూర్తిగా మానేశానమ్మా. ఓన్లీ చపాతీ."

"ఎన్ని?"

"ఐదు. చివర్లో పెరుగన్నం రెండు ముద్దలు. పెరుగన్నం అన్నం కాదు కదా!"

ఆ పిల్ల నవ్వదు. నవ్వకూడదని కూడా వాళ్లకి నేర్పుతారు. నెలకి నూనె ప్యాకెట్లెన్ని, ఇంట్లో తినేవాళ్లెందరు, మాత్రలు ఏ వేళకి, రాత్రి డ్యూటీలున్నాయా, వండేదెవరు అని అడుగుతూనే ఉంటుంది. ఆసామీకి విసుగొస్తుంది. "మొన్న యూట్యూబ్‌లో ఆయన ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నా జబ్బంతా ఆయనే చెప్పేశాడు," అంటాడు. నిజమే మరి. చూసే లక్షమందికీ ఆయన ఒకే జబ్బు చెబుతాడు, ఒకే మందు చెబుతాడు.

ప్రభుత్వం నిద్రపోతోందని అనడానికీ లేదు. 2021లో అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం తెచ్చి, ఫిజియోథెరపిస్టుల సరసన డైటీషియన్లకీ న్యూట్రిషనిస్టులకీ చోటిచ్చింది. రాష్ట్రానికో కౌన్సిల్, ఒక రిజిస్టరు ఉండాలంది. చట్టం కాగితం మీద నడుస్తుంది, షేకు డబ్బా స్కూటీ మీద వెళ్తుంది. ఏది ముందు మీ వీధికి చేరిందో మీకే తెలుసు.

అమెరికా వెళ్లిపోతే బాధ తీరుతుందనుకుంటే, అక్కడ 2024 జనవరి 1 నుంచి పీజీ లేనిదే ఆర్.డి. పరీక్షకి కూర్చోనివ్వడం లేదు. దాంతో పాటు కనీసం 1000 గంటలు ఒకరి పర్యవేక్షణలో పనిచేసి చూపించాలి. అవన్నీ దాటుకుని మన పిల్ల అక్కడ తెలుగువాళ్ల వనభోజనాలకి వెళ్తే, ఒక చేతిలో గులాబ్ జామూన్ పట్టుకున్న అంకుల్ రెండో చేత్తో ఆపి, "అమ్మా, షుగరుకి కాకరకాయ రసం మంచిదే కదా?" అంటాడు. ఆమె కంచంలో బిర్యానీ కనిపిస్తే ఆంటీ ఊరుకోదు: "డైటీషియన్‌వి అయ్యుండీ నువ్వే తింటున్నావా?"

కాబట్టి పిల్లల భవిష్యత్తు దృష్ట్యా, ఈ కోర్సులో కొన్ని మార్పులు చేయాలని విశ్వవిద్యాలయాలకి సవినయంగా మనవి చేస్తున్నాను. మొదటి పేపరు, 'శత్రు నిర్ణయం': వంటింట్లో ఏదో ఒక పదార్థాన్ని ఎంచుకుని, మన సర్వరోగాలకీ అదే కారణమని తొంభై సెకన్లలో నిరూపించాలి. రెండో పేపరు, 'ముందు - తర్వాత': ఒకే మనిషిని పొట్ట వదిలేసి ఒకసారి, బిగపట్టి ఒకసారి ఫొటో తీయాలి. మూడో పేపరు, 'పూర్వీకులు': ఏ సంగతి చెప్పినా మన తాతలు వందేళ్లు బతికారని ముగించాలి, ఆ తాతల తోబుట్టువులు ఎంతమంది పురిటిలోనే పోయారో మాట రానివ్వకూడదు. బయోకెమిస్ట్రీ ఐచ్ఛికం. క్రెబ్స్ గారికి సెలవు.

ఇక ప్రాక్టికల్స్ నియమం ఒక్కటే. ఎదురుగా కూర్చున్న పేషెంటుని చూసీ చూడగానే పథ్యం చెప్పేసిన అభ్యర్థికి నూటికి నూరు. "మీకు ఏ జబ్బుంది, ఏ మందులు వాడుతున్నారు, నిన్న ఏం తిన్నారు" అని ఒక్క ప్రశ్న అడిగినా, సున్నా వేసి పంపించేయాలి.