జెనీవా కుర్చీ ఎక్కబోయే అశోక్‌నగర్ అభ్యర్థులకు

హైదర్‌గూడలో గది, అశోక్‌నగర్‌లో కోచింగు, చిక్కడపల్లి లైబ్రరీలో చదువు. ఇలా గ్రూప్స్‌కు తయారవుతున్న మీకు ప్రపంచ ఆరోగ్య సంస్థ గురించి ఒక బిట్ కంఠతా వచ్చే ఉంటుంది: స్థాపన 1948 ఏప్రిల్ 7, కేంద్రం జెనీవా. రేపు అదృష్టం పండి అక్కడే కుర్చీ దొరికితే? ఆ కుర్చీలో ఎలా కూర్చోవాలో ఏ మెటీరియల్లోనూ ఉండదు. అందుకే ఈ చిట్కాలు.

ముందుగా, తొందరపడకండి. ఎక్కడో కొత్త జబ్బు పుట్టిందని తెలియగానే కమిటీ వేయండి. అత్యవసర కమిటీ అన్నంత మాత్రాన అత్యవసరంగా తేల్చాలని ఎక్కడా లేదు. 2020 జనవరి 22, 23 తేదీల్లో కరోనా మీద కూర్చున్న కమిటీ రెండుగా చీలి లేచిపోయింది. వారం గడిచాక 30న మళ్లీ కూర్చుని అంతర్జాతీయ అత్యవసర పరిస్థితి ప్రకటించారు. మన దేశంలో తొలి కేసు కేరళలో బయటపడిందీ ఆ రోజే. చట్టప్రకారం అంతకన్నా పెద్ద గంట అప్పట్లో వాళ్ల దగ్గర లేదు. మోగించారు, చాలా దేశాలు అటు తిరిగి పడుకున్నాయి. మార్చి 2న తెలంగాణ తొలి కేసు తేలి, గాంధీ ఆస్పత్రి వార్తల్లోకెక్కింది. మార్చి 11న సంస్థ ‘మహమ్మారి’ అన్నాక గాని లోకానికి మెలకువ రాలేదు. మీరు మాత్రం తేదీలన్నీ రాసి పెట్టుకోండి. తర్వాత ఎవరైనా నిలదీస్తే చూపించడానికి పనికొస్తాయి.

రెండోది, సభ్యదేశాన్ని నొప్పించకండి. ప్రమాదమని తేల్చుకున్న 24 గంటల్లో సంస్థకు తెలియజేయాలని 2005 నాటి అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు అంటాయి. తెలియజేయకపోతే? ఏమీ కాదు. జరిమానా లేదు, తలుపు తోసుకుని వెళ్లి తనిఖీ చేసే అధికారమూ లేదు. వాళ్లు రమ్మంటే వెళ్లాలి, వెళ్లాక పొగడాలి. ఇందులో సిగ్గుపడాల్సింది లేదు, బండి నడిచేది చందాల మీద. సభ్యదేశాలు విధిగా కట్టే సొమ్ము చాలా ఏళ్లుగా బడ్జెట్‌లో ఐదో వంతుకు కూడా రాలేదు. మిగతాదంతా దాతల ఇష్టం. దాత పోలియో అంటే పోలియో, ఇంకోటి అంటే ఇంకోటి. 2025 జనవరిలో అమెరికా తప్పుకుంటానన్నప్పుడు తెలిసొచ్చింది, ఎవరి జేబులో చెయ్యి పెట్టి ఇన్నాళ్లు నడిచామో.

జబ్బుకు పేరు పెట్టేటప్పుడూ అంతే జాగ్రత్త. కరోనా రకాలకు గ్రీకు అక్షరాలు వరసగా తగిలిస్తూ వచ్చి, 2021 నవంబరులో రెండక్షరాలు దాటేసి ఒమిక్రాన్ దగ్గర ఆగారు. దాటేసిన వాటిలో ఒకటి చైనా అధ్యక్షుడి ఇంటిపేరులా ఉంటుంది. అది చాలామందికుండే ఇంటిపేరని సంస్థ వివరణ ఇచ్చుకుంది. ఇంత వేగంగా, ఇంత ముందుచూపుతో తీసుకున్న నిర్ణయం నాకు మరొకటి కనబడలేదు.

మాస్కుల సంగతిలో పూర్తి రుజువు వచ్చేదాకా నోరు మెదపకండి. చిక్కడపల్లిలో కూరగాయలమ్మే అవ్వ కొంగు ముక్కుకు చుట్టుకుందంటే ఆమెకు పరిశోధన పత్రాలు చదివే తీరిక లేక. సంస్థ మాత్రం 2020 జూన్ 5 దాకా ఆగి, అప్పుడు జనం కూడా పెట్టుకోవచ్చంది.

టీకాలు పంచడానికి పెద్ద అంకె చెప్పండి. సంస్థ భాగస్వామిగా ఉన్న టీకాల పంపిణీ పథకం కోవాక్స్ 2021 ఆఖరుకు 200 కోట్ల డోసులంది. 2022 జనవరి సగానికి గాని 100 కోట్లు దాటలేదు. డబ్బున్న దేశాలు అప్పటికే మూడో డోసు వేసుకుంటున్నాయి. కాగితాలు కూడా నిదానంగా చూడాలి. మన జీనోమ్ వ్యాలీలో పుట్టిన కోవాక్సిన్‌కు ఢిల్లీ 2021 జనవరి 3న అనుమతిచ్చింది, జెనీవా నవంబరు 3న. ఈలోపు అమెరికా చదువులకు బయల్దేరిన పిల్లల్ని అక్కడి కాలేజీలు కొన్ని వేరే టీకా మళ్లీ వేసుకోమన్నాయి. రెండు చేతులున్నాయి కదా.

ఇక, మీ దారి తప్పించే చెడ్డ ఉదాహరణలు దగ్గర్లోనే రెండున్నాయి, దూరంగా ఉండండి. ఒకటి 2016 జూన్ నాటిది. అంబర్‌పేటలో తీసిన మురుగునీటి నమూనాలో టీకా నుంచి పుట్టిన టైప్-2 పోలియో వైరస్ దొరికింది. పిల్లలెవరికీ జబ్బు రాలేదు. కమిటీ వేసుకుని హాయిగా చర్చించవలసిన సందర్భం! అదేమీ లేకుండా జూన్ 20 నుంచి వారం రోజుల్లో హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో 3 లక్షలకు పైగా పిల్లలకు ఇంజెక్షన్ టీకా వేసేశారు. ప్రపంచమంతటా ఆ టీకాకు కొరత. అందుకని అర మిల్లీలీటరు డోసును ఐదు భాగాలు చేసి, 0.1 మిల్లీలీటరు చొప్పున చర్మం పొరల్లోకి ఎక్కించారు. సంస్థ మనుషులు, మన ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు కలిసి తిరిగారు. ఎవరూ పక్షవాతం పాలు కాలేదు, సమావేశానికి విషయమే మిగల్లేదు. ఇలాంటి పనికి పేరేం వస్తుంది?

రెండోది నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం). కుక్క కరిస్తే సూది కోసం ఊరంతా పరుగెత్తే ఆ ఆవరణలోనే ఆఫ్రికా వెళ్లేవాళ్లకు ఎల్లో ఫీవర్ టీకా వేసి, పసుపు రంగు పుస్తకం మీద స్టాంపు కొడతారు. అదే జెనీవా నిబంధనల పుస్తకం. కాకపోతే ఇక్కడ దానికి కాపలా ఉంది. ఆ జబ్బున్న దేశం నుంచి చెల్లే స్టాంపు లేకుండా తిరిగొస్తే విమానాశ్రయంలోనే ఆపి ఆరు రోజుల దాకా క్వారంటైన్లో పెడతారు. మంత్రి బంధువైనా సరే. ఆ జబ్బు మన దేశంలో లేదు, దాన్ని మోసే దోమ మాత్రం వీధివీధినా ఉంది.

మీరు గాని మీ వాళ్లు గాని అటు ప్రయాణం పెట్టుకుంటే ఒక్క మాట: స్టాంపు చెల్లడం మొదలయ్యేది టీకా వేసుకున్న పది రోజుల తర్వాత, ఆపైన జీవితాంతం. టికెట్ కొనే ముందే ఐపీఎంకు వెళ్లి రండి.