పదిహేను మేకల మనస్తత్వశాస్త్రం

సెల్‌ఫోన్ ఆటలతో పిల్లలకు భావోద్వేగ ప్రజ్ఞ అలవడుతుందని నమ్మబలికేవారు కొన్నాళ్లుగా ప్రొద్దుటూరులోనూ తయారయ్యారు. భావోద్వేగ ప్రజ్ఞ అంటే తన మనసులోని, ఎదుటివారి మనసులోని కోపతాపాలను గుర్తుపట్టి తదనుగుణంగా మసలుకునే నేర్పు. దీనికి 1990లో పీటర్ సాలొవే, జాన్ మేయర్ శాస్త్రీయ నిర్వచనమివ్వగా, 1995లో డేనియల్ గోల్‌మన్ పుస్తకం లోకమంతటా ప్రచారం కల్పించింది.

ఈ వాదానికి ఆధారమే లేదనడం అన్యాయం. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇందుకోసమే 'క్రిస్టల్స్ ఆఫ్ కేడార్' అనే వీడియో ఆటను తయారుచేశారు. అందులో పరాయి గ్రహం మీద కూలిన మరమనిషి, భాష తెలియని అక్కడివారి ముఖకవళికలను చదివి వారితో చెలిమి చేయాలి. రెండు వారాలు ఆడిన పిల్లల్లో కొందరికి సహానుభూతికి సంబంధించిన మెదడు భాగాల మధ్య అనుసంధానం బలపడిందని 2018లో ప్రకటించారు. అయితే గ్రహాంతరవాసి కనుబొమ్మల ముడిని కొలవగలిగిన కుర్రవాడు, పులివెందుల అరటితోటలో పొద్దంతా నీళ్లు కట్టి వచ్చిన తండ్రి మొహం చూసి, ఆ పూటకు బైకు తాళం అడగరాదని గ్రహిస్తాడా అన్నది ఆ అధ్యయనం కొలవలేదు.

పైగా జమ్మలమడుగు బస్సులో మోగేది కేడార్ కాదు, తుపాకుల ఆట. పబ్జీని 2020 సెప్టెంబరులో కేంద్రం నిషేధిస్తే, మరుసటి ఏడాదే అది బీజీఎంఐ అని పేరు మార్చుకుని తిరిగొచ్చింది. ఇయర్‌ఫోన్ వాడడమనే ఆచారం ఇంకా బస్సెక్కలేదు కాబట్టి, ఆటవల్ల ఓర్పు, నిగ్రహం అలవడతాయన్న మాట అక్షరాలా నిజమే. కాకపోతే అవి ఆడేవాడికి కాక పక్కసీటువాడికి అలవడుతున్నాయి.

ఇక్కడ పులిమేకను ప్రస్తావించక తప్పదు, ప్రస్తావించాక ఆపడమూ కష్టమే. నాపరాయి అరుగు మీద బొగ్గుతో త్రిభుజం గీసి, అడ్డగీతలు లాగి, గీతలు కలిసే ఇరవైమూడు చోట్లలో మూడు పులులూ పదిహేను మేకలూ ఆడే ఈ ఆటలో, మేకలన్నీ పటంలోకి దిగేదాకా ఒక్క మేకా కదలరాదు, పులులకు మాత్రం మొదటినుంచీ స్వేచ్ఛ. మేకను దూకితే పులికి ఆహారం, పులికి దారి లేకుండా చేస్తే మేకలకు గెలుపు. పులులు గులకరాళ్లు, మేకలు చింతపిక్కలు. పులులెప్పుడూ మేనమామవే, ఎందుకంటే బొగ్గు తెచ్చింది ఆయన. తొందరపడి దూకిన పులి మూలన ఇరుక్కుంటుందని, మందను కాపాడాలంటే ఒక్కోసారి ఒక మేకను వదులుకోవాలని పిల్లవాడికి ఎవరూ పాఠం చెప్పేవారు కాదు. చుట్టూ చేరినవారు "ఏం అబ్బీ, మేకను తీసకపోయి పులి నోట్లో పెడితివే!" అని ఎకసెక్కం చేసేవారు. ఒక్క దూకుడులో రెండు మేకలను తినవచ్చునా అన్న ధర్మసందేహం సంగటి చల్లారేదాకా సాగేది. ఓటమి ఖాయమైతే మామ తువ్వాలు దులిపే నెపంతో పటమంతా చెరిపేసేవాడు. పిల్లవాడి పెదవి వణికితే మాత్రం ఆ మామే, "ఏడుపొస్తాందా? రేపు పులులు నువ్వే తీసుకోరా" అని సర్దిచెప్పేవాడు.

ఫోనులో ఓడిన పిల్లవాడిని ప్రకటన చూస్తే మరో ప్రాణమిస్తామని తెర ఊరిస్తుంది. ఆ క్షణాన వాడి మొహం ఎలా ఉందో చూసేవారు ఇంట్లో ఉండరు. నాపరాయి అరుగులు ఇప్పటికీ చాలా ఇళ్లకున్నాయి, మామలూ ఉన్నారు, కానీ వారు లోపల మంచం మీద రీల్స్ చూస్తున్నారు. అసలు పిల్లవాడికి మొట్టమొదట ఫోనిచ్చి అన్నం ముద్దలు మింగించింది ఆ పెద్దలే. వారికి తీరిక లేని పనిని ఇప్పుడు యంత్రానికి అప్పగించి, దానికి ప్రజ్ఞ అని పేరు పెట్టడం కొంత సిగ్గుపడవలసిన సంగతే.

ఈ మధ్య పులిమేకకూ యాప్‌లు వచ్చాయి. వాటిలో ఎదురుగా ఆడేందుకు యంత్రం సిద్ధంగా ఉంటుంది. అది గెలిచినా ఎకసెక్కం చేయదు, ఓడినా తువ్వాలు దులపదు.