అడుగు సొరుగు

2023 నీట్‌లో కుర్రాడికి 720కి 374 వచ్చాయి. రాయడం అది రెండోసారి. కన్వీనర్ కోటాలో సీటుకి ఆ మార్కులు చాలవని కోచింగ్ సెంటరువాళ్ళు ఫలితాలొచ్చిన పూటే తేల్చేశారు. మూడోసారి చేరితే ఫీజులో కొంత తగ్గిస్తామని కూడా అన్నారు.

తండ్రి పెంటకోట దగ్గర రొయ్యల హేచరీలో పనిచేస్తాడు. రొయ్యపిల్లల్ని లెక్కగట్టి, సంచుల్లో నీళ్ళూ ఆక్సిజనూ పట్టించి బండి ఎక్కించాలి. లక్షల పిల్లల లెక్క తెలిసిన మనిషికి కొడుకు మార్కుల లెక్క మాత్రం అంతుపట్టలేదు. ఆదివారం పొద్దున్నే కొడుకుని వెంటబెట్టుకుని పాయకరావుపేట మెయిన్ రోడ్డులో డాక్టరు గారింటికి వెళ్ళాడు. తాండవ వంతెన దాటితే తునిలో డాక్టర్లకి కొదవ లేదు. అయినా ఆ ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా ఇరవై ఏళ్ళుగా ఈయనే.

డాక్టరు గారు మార్కుల కాగితం రెండుసార్లు చూశారు.

"ఏం చేద్దామనుకుంటున్నావయ్యా?"

"మీరెలా చెబితే అలాగేనండి."

"ఏ కేటగిరీలో రాదు. బి కేటగిరీ అయితే ఏడాదికి పన్నెండు లక్షల పైమాట. సి అయితే దానికి మూడింతలు. విదేశాలకి పంపితే, తిరిగొచ్చాక ఇక్కడ మళ్ళీ పరీక్ష గట్టెక్కాలి. చాలామంది అక్కడే ఆగిపోతున్నారు."

"ఇల్లు తాకట్టెడితే ఏవైనా..."

డాక్టరు గారు చెయ్యెత్తి ఆపారు.

"ఆ పని చెయ్యకు. చదువు కొనుక్కునేది కాదు. డబ్బిచ్చి సీటు కొన్నవాడికి నేనైతే నాడి చూడ్డానికి కూడా చెయ్యివ్వను."

తండ్రి తల దించుకున్నాడు. కుర్రాడు గోడ వంక చూశాడు. గోడ మీద ఫ్రేము కట్టిన ఫోటో ఉంది. తెల్లకోటు, మెడలో స్టెతస్కోపు, ఇరవై ఏళ్ళ అబ్బాయి.

"దారి లేక కాదు. ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సుంది. బైపీసీ చదివినవాళ్ళకే. మూడేళ్ళు చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్."

"అంటే కాంపౌండరాండి?"

డాక్టరు గారు నవ్వారు. కోపం తెచ్చుకోకుండా విడమరిచి చెప్పారు. రోగి వచ్చీరాగానే రోగం పుట్టుపూర్వోత్తరాలు అడిగి రాసుకోవడం, పరీక్ష చెయ్యడం, ఆపరేషన్‌లో సర్జన్‌కి చెయ్యందించడం, తరవాత వార్డులో కనిపెట్టుకుని ఉండడం. సొంతంగా బోర్డు పెట్టుకోకూడదు, డాక్టరు కిందే పనిచెయ్యాలి. 1965లో అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీలో యూజీన్ స్టెడ్ అనే డాక్టరు, నౌకాదళంలో వైద్యసేవలు చేసి బయటికొచ్చిన నలుగురితో ఈ చదువు మొదలుపెట్టాడట. మనదేశంలో 1992లో చెన్నైలోని మద్రాస్ మెడికల్ మిషన్‌లో గుండె సర్జన్ కె.ఎం. చెరియన్ మొదలుపెట్టారట. 2021లో పార్లమెంటు చేసిన చట్టంలో కూడా దీన్ని చేర్చారట. తండ్రికి వీటిలో చెన్నై ఒక్కటే తెలుసు.

"మా మేనకోడలు డల్లాస్‌లో ఉంది. దానికి డిగ్రీలో జీపీఏ 2.8. మూడుకి తక్కువైతే అక్కడ ఈ కోర్సుకి చాలా కాలేజీలు అప్లికేషన్ పక్కన పడేస్తాయి. తప్పిన సబ్జెక్టు మళ్ళీ రాసి పాసైనా పాత మార్కు చెరిగిపోదు. రెండూ కలిపే సగటు కడతారు. అదేం చేసిందో తెలుసా? రెండేళ్ళు అంబులెన్సులో పనిచేసింది. రాత్రిళ్ళు స్ట్రెచర్లు మోసింది. సైన్సు సబ్జెక్టులు మళ్ళీ చదివింది. అప్పుడిచ్చారు సీటు. మా ఇంటి పిల్లయినా సరే, అడ్డదారి తొక్కనివ్వలేదు."

కుర్రాడు మొదటిసారి నోరు విప్పాడు.

"ఏ కాలేజీలో చేరాలి సార్?"

"అదీ ప్రశ్న," అని డాక్టరు గారు కుర్చీలోంచి లేచి బీరువా దగ్గరికి వెళ్ళారు. అడుగు సొరుగు బిగుసుకుపోయింది. కూర్చుని రెండు చేతులా లాగారు.

తండ్రికి ఊరికే ఉండడం మర్యాదగా తోచలేదు.

"ఫోటోలో చిన్నబాబుగారేనాండి?"

"ఆఁ. ఎంబీబీఎస్. రెండో ఏడాదిలోకి వస్తున్నాడు."

"మంచి ర్యాంకే వచ్చుంటదండి."

"కష్టపడ్డాడు," అన్నారు డాక్టరు గారు సొరుగులోంచి తల ఎత్తకుండా.

బయటికి తీసింది ఒక కాలేజీ ప్రాస్పెక్టస్. నున్నటి కాగితం, మీద ఆపరేషన్ థియేటర్ బొమ్మ. భుజాన ఉన్న తువ్వాలుతో దుమ్ము దులిపి ఇచ్చారు. ఎవరో శ్రద్ధగా చదివిన పుస్తకం అది. హాస్టల్ ఉన్న పేజీ మూల మడిచి ఉంది. ఫీజుల పట్టికలో ఒక అంకె చుట్టూ పెన్సిల్ సున్నా. కోర్సు అయ్యాక ఏయే విభాగాల్లో ఉద్యోగాలుంటాయో చెప్పే పేరా కింద స్కేలు పెట్టి గీసిన గీత. జీతం ఉన్నచోట గీత లేదు, ప్రశ్నార్థకం ఉంది.

"ఇందులో అన్నీ ఉన్నాయి. చివర అప్లికేషన్ ఫారం కూడా ఉంటుంది. చించి నింపడమే. నిరుటిదే అయినా ఫారం ఏమీ మారదు. ఫోన్ చేసి కనుక్కోండి."

తండ్రి జేబులోంచి మూడు వందలు తీశాడు. డాక్టరు గారు పుచ్చుకోలేదు. గుమ్మం దాకా వచ్చి కుర్రాడి భుజం తట్టారు.

"మార్కులు మనిషిని కొలవవురా. మనకి తగిన దారేదో తెలుసుకోవడమే తెలివి."

దారి పొడుగునా తండ్రి ఆ మాటే తలుచుకున్నాడు. కనబడ్డ ఇద్దరు ముగ్గురికి చెప్పాడు కూడా. ఇంటికెళ్ళగానే భార్యని పిలిచి, దేవుడులాంటి మనిషన్నాడు. మూడోసారి కోచింగ్ మాట ఆ ఇంట్లో మళ్ళీ రాలేదు.

రాత్రి అన్నాలయ్యాక కుర్రాడు పెన్నూ, రెండు ఫోటోలూ, ఆధార్ జిరాక్సూ పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. ప్రాస్పెక్టస్ చివరి పేజీ తిప్పాడు. ఫారం ఉంది.

ఖాళీగా లేదు. పేరు, తండ్రి పేరు, తండ్రి వృత్తి, అడ్రసు అన్నీ నింపి ఉన్నాయి. కింద సంతకం మాత్రం లేదు. కుడివైపు అంటించిన ఫోటో పొద్దున్న గోడ మీద చూసిన అబ్బాయిదే. ఇందులో తెల్లకోటు లేదు.

నీట్‌లో వచ్చిన మార్కులు అన్న గడిలో 187 అని ఉంది.