పాత బోటు వైరింగు: రేవులో వినిపించే తప్పుడు సలహాలు

పాత మరబోటులో లైటు ఆరిపోతే విశాఖ రేవులోనైనా కాకినాడ రేవులోనైనా సలహా చెప్పేవాళ్లకు కొదవ ఉండదు. ఐసు ఎక్కించేవాళ్ల నుంచి పక్క బోటు సరంగు దాకా తలా ఒక మాట అంటారు. అందరిదీ మంచి మనసే. కానీ ఆ మాటలు చాలావరకు లోపం ఎక్కడుందో వెతకనివ్వవు. ఆ పూటకు లైటు వెలిగేలా చేస్తాయి, అంతే. రేవులో వెలిగిన లైటు అర్ధరాత్రి నడిసముద్రంలో ఆరిపోతే, ఎదురుగా వచ్చే ఓడకు మన బోటు కనిపించదు. అందుకే ఆ సలహాలను ఒక్కొక్కటే తీసుకుని, ఏది ఎందుకు తప్పో, దాని బదులు ఏం చేయాలో చెబుతున్నాను. ఇవన్నీ 12 వోల్టుల బ్యాటరీ లెక్కలు. 24 వోల్టుల బోటైతే బ్యాటరీ వోల్టేజి అంకెలను రెట్టింపు చేసుకోండి.

1. “ఫ్యూజు మాటిమాటికీ పోతోందా? పెద్దది వెయ్యి.”

అన్నిటికంటే ప్రమాదకరమైన సలహా ఇదే. ఫ్యూజు కాపాడేది లైటునో రేడియోనో అని చాలామంది అనుకుంటారు. అది కాపాడేది వైరును. ఆ వైరు ఎంత కరెంటు మోయగలదో చూసి దానికి తగిన ఫ్యూజు వేస్తారు. 5 ఆంపియర్ల ఫ్యూజు ఉండాల్సిన సన్నటి వైరుకు 30 ఆంపియర్లది వేస్తే, ఎక్కడైనా షార్టు అయినప్పుడు ఫ్యూజు కంటే ముందు వైరే కాలుతుంది. ఫ్యూజు బదులు మేకు గానీ సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం గానీ పెడితే అసలు అడ్డే లేదు. డీజిల్ ఇంజనును తిప్పే బ్యాటరీ షార్టు అయితే వందల ఆంపియర్లు వదులుతుంది. వైరు చుట్టూ ఉన్నవి డీజిల్ తడిసిన చెక్క, ఫైబర్, నైలాన్ వలలు.

2023 నవంబరులో విశాఖ చేపల రేవులో రాత్రికి రాత్రి ముప్పైకి పైగా బోట్లు కాలిపోయాయి. అది వైరింగు వల్ల జరిగిందని నేను అనడం లేదు. ఒకదానికొకటి ఆనించి కట్టిన బోట్లలో ఒక్క చోట పుట్టిన నిప్పు ఎంత దూరం పాకుతుందో ఆ రాత్రి అందరం చూశాం.

ఫ్యూజు పోయిందంటే అది తన పని చేసిందని అర్థం. ఆ లైనులోని సామాన్లన్నీ విప్పేసి, ఒక్కొక్కటే తగిలిస్తూ రండి. ఏది తగిలించగానే ఫ్యూజు పోతుందో లోపం ఆ కొమ్మలోనే ఉంది. ఏదీ తగిలించకుండానే పోతే వైరే ఎక్కడో ఒరుసుకుపోయింది. మెయిన్ ఫ్యూజు బ్యాటరీకి దగ్గరగా ఉండాలి. చిన్న పడవలకు ప్రమాణాలు రాసే అమెరికా సంస్థ ఏబీవైసీ ఆ దూరాన్ని మామూలుగా 7 అంగుళాలకు మించనివ్వదు. బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య ఉన్న వైరుకు మరే రక్షణా లేకపోవడమే దానికి కారణం.

2. “మీటరు 12 చూపిస్తోంది కదా, వైరు బాగానే ఉంది.”

తెలిసినవాళ్లను కూడా తప్పుదారి పట్టించే మాట ఇది. మల్టీమీటరు తాను కొలవడానికి దాదాపు కరెంటే తీసుకోదు. కాబట్టి లోపల పోగులన్నీ చిలుము పట్టి తెగిపోయి ఒక్కటే మిగిలినా మీటరు 12 వోల్టులు చూపిస్తుంది. పోగులు తెగిన మోకు కూడా లాగేదాకా మోకులాగే కనిపిస్తుంది. బరువు పడ్డప్పుడే దాని సంగతి తెలుస్తుంది.

వీహెచ్‌ఎఫ్ రేడియోలో ఈ లోపం స్పష్టంగా బయటపడుతుంది. వినేటప్పుడు అది ఒక ఆంపియరు కూడా తీసుకోదు. 25 వాట్లతో మాట్లాడేటప్పుడు 5, 6 ఆంపియర్లు లాగుతుంది. అందుకే 16వ ఛానల్లో అవతలివాళ్ల మాట చక్కగా వినిపిస్తుంది, మీరు బటను నొక్కగానే రేడియో ఆరిపోతుంది. అప్పుడు రేడియో పాడైందని కొత్తది కొంటారు. కొత్తదీ అలాగే ఆరిపోతుంది.

కొలిచే పద్ధతి మార్చండి. లైటు వేసి, లేదా రేడియో బటను నొక్కి ఉంచి, ముందు బ్యాటరీ దగ్గర, తర్వాత ఆ సామాను దగ్గర వోల్టేజి చూడండి. రెండింటికీ తేడా అర వోల్టు దాటితే దారిలో ఎక్కడో లోపం ఉంది. అది ఏ జాయింటులో ఉందో తెలియాలంటే, కరెంటు పారుతుండగానే మీటరు ముల్లు ఒకటి జాయింటుకు ఇవతల, ఒకటి అవతల పెట్టండి. మంచి జాయింటు సున్నాకు దగ్గరగా చూపిస్తుంది. చిలుము పట్టిన జాయింటు తన అంకె తానే చెబుతుంది. పాజిటివ్ వైరును ఎలా వెతికారో నెగటివ్ వైరును కూడా అలాగే వెతకండి. సగం లోపాలు దొరికేది అక్కడే.

3. “ఇంట్లో మిగిలిన వైరు ఉందిగా, మెలిపెట్టి టేపు చుట్టు.”

ఇంటి గోడలో కదలకుండా ఉండే వైరు వేరు, పగలూ రాత్రీ ఇంజనుతోపాటు అదిరే వైరు వేరు. ఒంటి తీగ వైరు ఆ అదురుకు విరుగుతుంది. మామూలు రాగి పోగుల వైరైతే కోసిన చోట ఉప్పు తేమను పీల్చుకుంటుంది, చిలుము తొడుగు లోపలికి పాకుతుంది. బోటుకు కావలసింది ప్రతి పోగుకూ తగరం పూత ఉన్న సన్నపోగుల రాగి వైరు. ధర ఎక్కువే, కానీ ఏళ్ల తరబడి నిలుస్తుంది.

వైరు లావు కూడా ముఖ్యం. బ్యాటరీకి 10 మీటర్ల దూరంలో ఉన్న సామానుకు కరెంటు పోవడానికీ రావడానికీ కలిపి 20 మీటర్ల వైరు కావాలి. 1 చదరపు మిల్లీమీటరు వైరులో 5 ఆంపియర్లు పారితే దాదాపు 1.9 వోల్టులు దారిలోనే పోతాయి. 4 చదరపు మిల్లీమీటర్లదైతే పోయేది అర వోల్టే. మామూలు బల్బుకు వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు మూడో వంతు తగ్గుతుంది. ట్రాలరు వల లాగేటప్పుడు పైన పచ్చ, కింద తెలుపు లైట్లు వెలగాలన్నది అంతర్జాతీయ నియమం. ఆ లైట్లు మసకగా వెలిగితే దూరం నుంచి వచ్చే ఓడకు లెక్కలోకి రావు.

జాయింటు వేయాల్సి వస్తే లగ్గు పెట్టి క్రింపింగ్ ప్లయరుతో గట్టిగా నొక్కండి. దానిపై లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం తొడిగి వేడి చేయండి. ఒట్టి టంకం మీద ఆధారపడితే టంకం ఆగిన చోట వైరు బిరుసెక్కి అక్కడే విరుగుతుంది. ఘాటైన వెనిగర్ వాసన వచ్చే సిలికాన్‌ను జాయింటు మీద పూయకండి. అందులోంచి వచ్చే ఆమ్లం రాగిని తింటుంది.

4. “నెగటివ్ వైరు దండగ, ఇంజను బాడీకి కలిపెయ్.”

ఈ సలహా లారీ షెడ్ల నుంచి వచ్చింది. లారీకి ఇనుప ఛాసీ ఉంది, అది పొడి నేల మీద తిరుగుతుంది. బోటు ఉప్పునీటిలో ఉంటుంది. కరెంటు తిరిగి వచ్చే దారి బాగా లేకపోతే అది తడిచెక్క గుండా, షాఫ్టు గుండా, నీటి గుండా దారి వెతుక్కుంటుంది. కరెంటు లోహాన్ని విడిచి నీటిలోకి దిగే చోటల్లా లోహం కరిగిపోతుంది. నీటి కింద కట్టిన జింకు ముక్కలు మామూలుకంటే త్వరగా కరుగుతుంటే, బోటు అడుగున నీళ్లలో నానుతున్న వైరు జాయింటు ఏదైనా ఉందేమో ముందు చూడండి. ప్రతి సామానుకూ రెండు వైర్లు వేయండి. నెగటివ్‌లన్నీ ఒకే బస్‌బారుకు చేరాలి, ఇంజనుకు కలిపే చోటు ఒక్కటే ఉండాలి.

5. “ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి చూడు. ఇంజను ఆగకపోతే ఆల్టర్నేటరు బాగున్నట్టే.”

పాత డీజిల్ ఇంజను ఒకసారి అందుకున్నాక నడవడానికి కరెంటే అక్కర్లేదు. కాబట్టి ఈ పరీక్షతో ఏమీ తెలియదు. పైగా బ్యాటరీ ఊడగానే వోల్టేజి ఒక్కసారిగా ఎగిసి ఆల్టర్నేటరులోని డయోడ్లను కాల్చేస్తుంది. జీపీఎస్, ఫిష్ ఫైండరు, ట్రాన్స్‌పాండరు కూడా దాంతోపాటు పోవచ్చు. పరీక్షకు మీటరు చాలు. ఇంజను ఆపి కొన్ని గంటలైన తర్వాత నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపించాలి. 12.2 అంటే సుమారు సగమే ఉంది. ఇంజను నడిచేటప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. అంకె పెరగకపోతే బెల్టు, ఆల్టర్నేటరు వైర్లు, ఆ తర్వాతే ఆల్టర్నేటరు.

6. “ఛార్జి ఉందో లేదో స్పానరు తగిలిస్తే నిప్పురవ్వే చెబుతుంది.”

ఛార్జి అయ్యే బ్యాటరీ హైడ్రోజన్ వదులుతుంది. గాలిలో అది 4 శాతం చేరితే నిప్పురవ్వకు అంటుకుంటుంది. గాలాడని ఇంజను గదిలో బ్యాటరీ పేలితే ఆమ్లం వచ్చి ముఖం మీద పడుతుంది. బ్యాటరీలో సముద్రపు నీళ్లు పడితే విషవాయువైన క్లోరిన్ పుడుతుంది. అందుకే బ్యాటరీని అడుగునీటికి పైన, మూత ఉన్న పెట్టెలో, కదలకుండా బిగించి, గాలి పోయే దారి ఉంచండి. పోయవలసింది డిస్టిల్డ్ వాటరే. వైర్లు విప్పేటప్పుడు ముందు నెగటివ్ విప్పండి, బిగించేటప్పుడు చివర నెగటివ్ బిగించండి.

7. “మెయిన్ స్విచ్చి ఆపేస్తే అన్నీ ఆగిపోవాలి.”

అన్నీ ఆగాలి, అడుగునీళ్లు తోడే పంపు తప్ప. పాత చెక్క బోటు రేవులో కట్టి ఉన్నా నీరు ఊరుతూనే ఉంటుంది. ఆటోమేటిక్ పంపుకు బ్యాటరీ నుంచి నేరుగా, సొంత ఫ్యూజుతో వేరే లైను వేయండి. దాని జాయింట్లు నీళ్లు అందనంత ఎత్తులో ఉండాలి.

8. “ఈ వేట అయ్యాక చూద్దాంలే.”

మిగిలిన తప్పులన్నీ బతికేది ఈ మాట వల్లే. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. బోట్లు పైకి లాగి చెక్కపనీ రంగులూ చేయిస్తాం, ఇంజను విప్పిస్తాం. వైరింగుకు మాత్రం చివరి రెండు రోజులు మిగులుతాయి. ఈ ఏడాది నిషేధం మొదటి వారంలోనే వైరింగు పని మొదలుపెట్టండి. ఎక్కడికి పోతుందో తెలియని పాత వైర్లన్నీ తీసేయండి. మిగిలిన ప్రతి వైరుకూ రెండు చివర్లా పేరు రాసిన చీటీ కట్టండి. ఏ వైరు ఎటు పోతుందో, ఏ ఫ్యూజు ఎన్ని ఆంపియర్లో ఒక కాగితం మీద గీసి వీల్‌హౌస్ తలుపుకు అంటించండి. రాత్రి ఏదైనా ఆరిపోతే, ఎలక్ట్రీషియన్ వెంట లేని కళాసీ కూడా దాన్ని చూసి లోపం వెతకగలగాలి. జనరేటరు ఉండి 230 వోల్టుల వైరింగు ఉంటే మాత్రం ఆ పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌కే వదలండి. ఆ కరెంటు తడిచేతిని క్షమించదు.

పని అయ్యాక తాళ్లు విప్పకముందే ఇంజను నడపండి. లైట్లు, పంపు, జీపీఎస్ అన్నీ ఒకేసారి వేసి, రేడియోలో పక్క బోటును పిలవండి. అలాగే ఒక గంట ఉంచి జాయింట్లను చేత్తో తాకి చూడండి. ఏది వెచ్చగా తగిలితే దాన్ని విప్పి మళ్లీ వేయించండి. ఏదీ వెచ్చబడకపోతేనే ఐసు ఎక్కించండి.